పింజ సాయెబుకు నేనిచ్చిన కోటింగ్

ఆ రోజుల్లో మా ఊళ్ళో పని లేనివాణ్ణి చూసి ఎవరూ జాలిపడేవాళ్ళు కాదు. ఎండాకాలం వచ్చిందంటే అందరిదీ అదే పరిస్థితి. చదువుకుని పని లేనివాణ్ణి చూస్తే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి మరీ వచ్చి జాలిపడేవాళ్ళు. (ఆ రోజులంటే మరీ పాతవేం కావు. పెద్దకడుబూరు బస్సులో అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లుండేవి, చార్జింగే ఉండేది కాదు.) నేను ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. చివరి ఏడాది నేను చేసిన ప్రాజెక్టు పేరు 'గాజుపై పలుచని పొరల కాంతి ధర్మాలు'. ఏడు నెలలు కష్టపడి ఒక గాజు పలక మీద ఒక పొర వేశాను. పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ పలకను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒకసారి మెల్లగా తుడిచి, "పొర ఎక్కడుంది బాబూ?" అని అడిగాడు. "మీ వేలి మీద ఉంది సార్" అన్నాను. నిజమే చెప్పాను. నిజం చెప్పినందుకు కాబోలు, పాసు మార్కులు వేశాడు. ఇంటికొచ్చాక మా అమ్మ, "పలుచని పొరంటే ఏందప్పా, పాల మీద మీగడ మాదిరా?" అంది. "అంతకంటే చానా పలచన" అన్నాను. "మరి దాన్ని ఏం జేసుకుంటారు?" అంది. ఏడు నెలల్లో నన్నెవరూ అడగని ప్రశ్న అది. నన్ను నేనూ అడగలేదు.

అట్లాంటి సమయంలో నన్ను ఆదుకున్నవాడు సైటు మామ. మా అమ్మకు వరసకు తమ్ముడు, ఎమ్మిగనూరులో కళ్ళజోళ్ళ అంగడి. వచ్చినవాళ్ళందరికీ "నీకు సైటుండాది" అని చెప్పడం వల్ల ఆ పేరు వచ్చింది. (తెలియనివాళ్ళు ఆయన ప్లాట్లు అమ్ముతాడనుకుని ధర అడిగిపోయేవాళ్ళు.) ఆయన ఆదోనిలో పత్తి మార్కెట్ యార్డుకు పోయే దారిలో రెండో అంగడి తెరిచాడు. దానికి నమ్మకమైన మనిషి కావాల్సి వచ్చింది. "ఫిజిక్సులో అద్దాల పాఠం ఉంటాది గదా అల్లుడూ, సాలు" అని నన్ను కూర్చోబెట్టాడు. చూపు పరీక్ష చేయడం రెండు నెలలు దగ్గరుండి నేర్పాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు బస్సులో వచ్చి, నేనేం తప్పు చేస్తున్నానో చూసి, తిట్టి, బస్సులోనే పోయేవాడు.

మామ పెట్టిన నియమం ఒకటే. కోటింగ్ లేకుండా ఒక్క అద్దం కూడా గడప దాటకూడదు. ఇక్కడ ఒక భాషా సమస్య వచ్చిపడింది. మా సీమలో కోటింగ్ అంటే పోలీసు స్టేషన్లో ఇచ్చేదే తప్ప, అంగట్లో ఇచ్చేది ఒకటుందని ఎవరికీ తెలియదు. నేను పని మొదలుపెట్టిన వారంలోనే ఒక ఆటో డ్రైవరును, "కోటింగ్ ఇవ్వమంటారా అన్నా?" అని మర్యాదగా అడిగితే, అతను లేచి నిలబడి, "యాందుకప్పా, నేనేం జేసినా? మొన్ననే టూటౌన్లో ఇచ్చినారు, ఇంగా వీపు మానలే" అన్నాడు. అప్పటి నుంచి ముందుగా విషయం వివరించడం మొదలుపెట్టాను. "చూడు పెద్దాయనా, అద్దం మీద పడిన వెలుగు కొంత వెనక్కి తిరుగుతుంది. మనం మీద ఒక పొర వేస్తాం. పొర పైనుంచి తిరిగే వెలుగొకటి, పొర అడుగు నుంచి తిరిగే వెలుగొకటి. రెండూ ఎదురెదురు పడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి" అని కాగితం మీద అలలు గీసి చూపించేవాణ్ణి. నందవరం రైతొకాయన ఓపిగ్గా అంతా విని, "ఇది మా అన్నదమ్ముల కేసు మాదిరి ఉండాది. ఇద్దరం రద్దయిపోయినాం, సేను లాయరు పాలాయె" అని చెప్పి, అద్దాలు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఈ సంగతి మామకు తెలిసి మరుసటి బస్సులో వచ్చాడు. "అల్లుడూ, నువ్వు సెప్పేది నిజమే. నిజం గాబట్టే ఎవురూ కొంటాలేరు. ఒక్క మాట సెప్పు. చలువ. అంతే." నేను ఆ వెలుగుకూ చలువకూ సంబంధం లేదని చెప్పబోయాను. "ఆదోని ఎండలో చలువకు సంబంధం లేనిది ఏదన్నా ఉండాదా?" అన్నాడు. మరునాటి నుంచి చలువ కోటింగ్ అన్నాను. వేడి వేడిగా అమ్ముడుపోయింది. నాకు రెండేళ్ళు పాఠం చెప్పిన ఐదుగురు అధ్యాపకుల జ్ఞానాన్ని మామ మూడక్షరాల్లో తేల్చేశాడు.

పింజ సాయెబు మా అంగట్లో కాలు పెట్టింది అప్పుడే. ఆయన అసలు పేరు యార్డులో ఎవరికీ తెలియదు. ఒక జిన్నింగు మిల్లు సావుకారి తరఫున పత్తి చూసే మనిషి. రైతులు కుప్పలు పోస్తే, ఆయన వాటి మధ్య నడుస్తూ, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి పిడికెడు లాగుతాడు. రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పట్టి తెంపి పింజ ఎంత పొడుగో చూస్తాడు. నుదుటి మీదున్న కళ్ళజోడు కిందికి లాగి రంగు చూస్తాడు. తెలుపు, అంటాడు. లేకపోతే పచ్చ, అంటాడు. (మా వైపు పచ్చ అంటే పసుపని, పసుపైతే ధర పడిపోతుందని వేరే చెప్పనక్కర్లేదు.) కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి పోతుంది. అంతే, ఆ కుప్ప తలరాత తేలిపోతుంది. నలభై ఏళ్ళుగా ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. మా ఊరి రైతులు ఆయన్ను తిట్టుకునేవాళ్ళు గానీ, తప్పు చెప్పాడని మాత్రం ఒక్కరూ అనలేదు. తిట్టుకోవడం వేరు, అనడం వేరు.

ఆయన వచ్చింది కళ్ళజోడు మర వదులైతే బిగించుకోవడానికి. చేతికి తీసుకోగానే బరువు తేడాగా అనిపించింది, అద్దం చల్లగా తగిలింది. "ఇవి యాడివి చాచా?" అన్నాను. "మా తాతవి బేటా. బిల్లోరు రాయి. గాజు గాదు" అన్నాడు. బిల్లోరు అంటే స్ఫటికం. ఎమ్మెస్సీ పుస్తకంలో బొమ్మగా తప్ప నేనెప్పుడూ చూడనిది. గబగబా ఎండకు పెట్టుకునే ధ్రువణ అద్దాలు రెండు తెచ్చి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పట్టుకున్నాను. అట్లా పడితే వాటిగుండా వెలుగు రాదు, చీకటే. మధ్యలో మామూలు గాజు పెట్టినా చీకటి చీకటిగానే ఉంటుంది. సాయెబు తాత అద్దం పెట్టాను. చీకట్లోంచి వెలుగు లేచింది. కొంచెం తిప్పితే ఒక పక్క లేత నీలం, ఇంకో పక్క లేత పసుపు. "రాయి వెలుగును మెలితిప్పుతుంది చాచా! నిజమైన స్ఫటికం!" అని దాదాపు అరిచాను. సాయెబు నన్ను జాలిగా చూశాడు. "నేను ముందే సెప్తిని గదా బేటా, రాయి అని" అన్నాడు.

అక్కడితో మర బిగించి పంపించి ఉంటే ఈ కథ లేదు. కానీ చదువు ఒకసారి పనికొచ్చిందంటే మనిషి ఆగడు. చూపు పరీక్ష చేశాను. వయసుతో పాటు నంబరు పెరిగింది. తాత అద్దాల్లో ఆయనకు పింజ కొస సరిగా కనపడటం లేదు. అది ఆయనా ఒప్పుకున్నాడు. "అయితే గాజు అద్దం ఏసియ్యి, సాలు" అన్నాడు. నేను వినలేదు. అప్పుడే కొత్తగా వచ్చిన కోటింగ్ ఒకటి ఉండేది. నీలి వెలుగును లోపలికి రానీయకుండా వెనక్కి తిప్పికొట్టే పొర. కంపెనీ వాళ్ళు దాంతోపాటు ఒక చిన్న నీలం లైటు, ఒక కార్డు ఇచ్చారు. లైటు వేస్తే కార్డు మీద నీలం చుక్క పడుతుంది, మధ్యలో అద్దం పెడితే చుక్క మాయం. చాచాకు అది మూడుసార్లు చేసి చూపించాను. "నీలం మొత్తం ఆపేస్తుంది చాచా. చలువ" అన్నాను. తెలుపులోంచి నీలం తీసేస్తే మిగిలేదేమిటి అన్నది మాకు ఐదు మార్కుల ప్రశ్న. నాకు ఐదుకు ఐదూ వచ్చాయి. అయినా ఆ క్షణాన అది గుర్తుకు రాలేదు. పరీక్షలో అడిగితే తప్ప గుర్తుకురాని చదువు మాది.

సాయెబు కొత్త అద్దాలు నుదుటి మీద పెట్టుకుని యార్డులోకి పోయాడు. తాత అద్దాలు డబ్బీలో పెట్టి లోపలి జేబులో వేసుకున్నాడు. మామూలు మనిషి రోజంతా పెట్టుకుంటాడు కాబట్టి కాసేపటికి కన్ను సర్దుకుంటుంది, తేడా తెలియదు. పింజ సాయెబు పత్తి పిడికిట్లో ఉన్నప్పుడు మాత్రమే అద్దాలు కిందికి లాగుతాడు. సర్దుకునేంత వ్యవధి ఆయన కన్నుకెప్పుడూ దొరకలేదు. అదీగాక మనలాంటివాళ్ళకు ఒకటే తెలుపు. ఆయనకు తెలుపుకూ తెలుపుకూ మధ్య పది మెట్లున్నాయి. మొదటి రోజు నాలుగు కుప్పలు పచ్చ అన్నాడు. రెండో రోజు తొమ్మిది. మూడో రోజు యార్డులో తెల్లపత్తి అనేదే లేకుండా పోయింది.

యార్డులో జనానికి కారణం కనుక్కోవడానికి పూట కూడా పట్టలేదు. పచ్చకామెర్ల వానికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత ఊరికే పుట్టిందా? "సాయెబుకు కామెర్లు!" ఈ మాట టీ అంగడి దగ్గర మొదలై మధ్యాహ్నానికి సాయెబు ఇంటికి చేరింది. సాయంత్రానికి ఎవరో నేలవుసిరి ఆకు నూరి తెచ్చిచ్చారు. ఉప్పు, కారం, నూనె, మాంసం బందు. రక్తపరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది. "లోపల ఉంటాది, రక్తంలోకి ఇంగా రాలేదు" అని టీ అంగడివాడు తేల్చాడు. పత్యం కొనసాగింది. ఇదంతా అంగట్లో కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది. 'పాపం చాచా, ఈ వయసులో కామెర్లు' అని నేనూ బాధపడ్డాను. ఒకసారి పరామర్శకు పోయి, అద్దాలు బాగున్నాయా అని కూడా అడిగొచ్చాను. "అద్దాలు బంగారం బేటా, ఒళ్ళే బాగలేదు" అన్నాడు.

ఆ తర్వాతి వారం మా నాయన తొలి తీత పత్తి బస్తాలకెత్తి యార్డుకు తెచ్చాడు. తొలి తీత అంటే మొదటి ఏరుడు, మల్లెపూవే. మా నాయన కుప్ప పోసి, పక్కన నిలబడి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూస్తున్నాడట. సాయెబు వచ్చి చెయ్యి దూర్చి లాగి, అద్దాలు దించి, పచ్చ అన్నాడు. మా నాయన పిడికెడు పత్తి తువ్వాల్లో మూటగట్టుకుని నేరుగా నా అంగడికొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమిరా, ఇది పచ్చనా?"

"కాదు నాయనా."

"సరిగా సూడు. నువ్వు సదువుకున్నోనివి."

సరిగా చూడటానికి చేతికందిన అద్దం తీసుకున్నాను. అది నీలం ఆపే చలువ కోటింగుది. దాంట్లోంచి చూస్తే పత్తి కొంచెం, కొంచెమే, వెన్న కలిపినట్టు కనబడింది. అద్దం తీశాను, తెలుపు. పెట్టాను, వెన్న. మా నాయన అద్దం లాక్కుని పత్తిని చూశాడు, తన పంచెను చూసుకున్నాడు. "ఇదేందిరా, మీయమ్మ నీలిమందు ఎయ్యడం మరిసిపోయిన దినం నా పంచె ఇట్లే ఉంటాది" అన్నాడు.

నీలిమందు! వారం వారం మా అమ్మ బకెట్లో నాలుగు చుక్కల నీలం వేసి పంచెను తెలుపు చేస్తుంది. నేను కోటింగుతో ఆ నాలుగు చుక్కలూ లోకంలోంచి తీసేశాను. మా అమ్మ ఏడో తరగతి. నాకు స్టూలు మీద కూర్చున్నచోటే కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఇన్నాళ్ళూ అందరికీ అమ్మిన చలువ నాకు దక్కింది అప్పుడే.

ఆ మధ్యాహ్నమే అంగడి మూసి ఎమ్మిగనూరు బస్సెక్కాను. సైటు మామ అంతా విన్నాడు. "అద్దం పగిలిందా? లేదు. గీత పడిందా? లేదు. సల్లగా లేదన్నాడా? అనలేదు. ఇంగ నీ బాధ ఏంది అల్లుడూ?" అన్నాడు. "మామా, ఆయన పని పోతుంది." "ఆయన పని గురించి ఆలోచిస్తే నీ పని పోతాది. యార్డులో సగంమందికి అవే అద్దాలేసినాం. ఈ సంగతి బయటపడితే అంగడికి నిప్పు పెడతారు. నోరు మూసుకో." ఆ తర్వాత నాకు ఆయన ఇచ్చింది కోటింగే, అయితే స్టేషన్ రకం. నేను తిరిగొచ్చి నోరు మూసుకున్నాను. ఒక రోజు కాదు, నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ తిన్నది ఒంటబట్టలేదని చెప్పుకోవచ్చు గానీ, బాగానే తిన్నాను. పత్యం ఆయనది, నాది కాదు.

ఐదో రోజు పొద్దున్నే సాయెబు తనే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. స్టూలు మీద కూర్చుని, "ఇంగోసారి సూపు సూడు బేటా" అన్నాడు. అక్షరాల పలక చూపించాను. పై నుంచి కింది దాకా, కంపెనీ పేరుతో సహా, తప్పు లేకుండా చదివాడు.

"చూపు బ్రహ్మాండంగా ఉండాది చాచా" అన్నాను.

"అక్షరాలన్నీ కనపడతాండాయి బేటా. తెలుపే కనపడతాలేదు." అద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. "సావుకారి రాత్రి పిలిపించినాడు. 'సాయెబా, ఈ వారం సూస్తా. ఇంగొక్క కుప్ప తప్పు సెప్తే ఇంటికాడ కూర్సో' అన్నాడు. నేను పత్తి తప్ప ఇంగేం సూడలేను బేటా. నాకు ఇంగేం రాదు."

నాలుగు రోజులుగా మూసిన నోరు అప్పుడు తెరుచుకుంది. (ధైర్యమని మీరనుకుంటే అది మీ మంచితనం. ఆయన కళ్ళలోకి చూడలేక, నేల చూస్తూ మాట్లాడాను.)

"చాచా, మీకు కామెర్లు లేవు."

"డాక్టరు గూడా అదే సెప్పినాడు."

"కళ్ళు గూడా బాగుండాయి."

"మరి పత్తి?"

"పత్తీ తెల్లగానే ఉండాది."

"మరి పచ్చ యాడ్నుంచి వస్తాండాది?"

ఆయన నుదుటి మీదికి వేలు చూపించాను. సాయెబు వెనక్కి తిరిగి గోడ మీద ఏముందా అని చూశాడు. తర్వాత మెల్లగా కళ్ళజోడు తీశాడు. లోపలి జేబులోంచి తాత స్ఫటికపు అద్దాలు తీసి పెట్టుకున్నాడు. మా నాయన వదిలిపోయిన పత్తి పిడికెడు బల్ల సొరుగులో ఉంటే తీసిచ్చాను. తాత అద్దాల్లోంచి చూశాడు. నా అద్దాల్లోంచి చూశాడు. మళ్ళీ తాతవి.

"పింజ కనపడ్లే గానీ... తెలుపే" అన్నాడు. గొంతు మారింది. వెంటనే ఆ గొంతు ఇంకో రకంగా మారింది. "అయితే రెండు వారాలు నేను నేలవుసిరి తాగింది?"

"కోటింగ్ వల్లే చాచా."

"ఉప్పు లేని కూడు?"

"అదీ."

"మా మనమరాలి నికా దావత్‌లో ఊరంతా బిర్యానీ తింటాంటే నేనొక్కణ్ణే మజ్జిగన్నం తింటి. అదీ?"

"అదీ చాచా."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెబితే సరిపోయేది. "నాలుగు రోజులైంది" అన్నాను.

సాయెబు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. "దావత్ మొన్న" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆరోజే మామకు తెలియకుండా, ఏ పొరా లేని పచ్చి గాజు అద్దాలు బిగించి ఇచ్చాను. సావుకారి దగ్గరికి పోయి, తప్పు నాదని చెప్పాను. సావుకారి నా ప్రాజెక్టు పరీక్షకుడిలాగే వేలితో అద్దం తుడిచి చూసుకుని, "సరే, వారం ఇంగా అయిపోలేదు గదా" అన్నాడు. ఇక యార్డులో మొదలైంది నా అసలు శిక్ష. సాయెబు ఇప్పుడు సరిగ్గానే చెబుతున్నాడు. కానీ ఆయన పచ్చ అన్న ప్రతి కుప్ప రైతూ, "అద్దాలు మార్సుకో సాయెబా!" అనేవాడు. ఇంకొకడు, "మజ్జిగ తాగి సూడు" అనేవాడు. నలభై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్న తిట్లన్నిటికీ గట్టు తెగింది. జగడం ముదిరితే ఎవరో ఒకరు నా అంగడికొచ్చి, "రాప్పా, సాయెబు అద్దాలు సూసి సెప్పి పో" అని లాక్కుపోయేవాళ్ళు. నేను గిరాకీలను వదిలి, ఎండలో కుప్పల మధ్య నిలబడి, ఆ అద్దాలు ఎత్తి పట్టుకుని, "ఇది ఉత్త గాజే" అని రోజుకు మూడుసార్లు ప్రకటించేవాణ్ణి. ఎమ్మెస్సీ డిగ్రీని అంతమంది ముందు వాడింది అప్పుడే.

ఆ వారంలోనే తుపాను వాన పడింది. చేలల్లో విచ్చుకున్న కాయలన్నీ తడిశాయి. వారం ఆఖరి రోజున మా నాయన రెండో తీత తెచ్చాడు. మా అమ్మ మిద్దె మీద రెండు దినాలు ఆరబెట్టిందట. కుప్ప పోసి, పైన మిగిలిన తొలి తీత కొంచెం చల్లాడు. (అందరూ చేసేదే.) సాయెబు వచ్చాడు. ఆయన చెయ్యి ఎప్పటిలాగే పైన ఆగలేదు, మోచేతి దాకా పోయింది. లాగాడు, తెంపాడు, అద్దాలు దించాడు. చాలాసేపు చూశాడు. ఎదురుగా సావుకారి ఫోను చెవికి పెట్టుకుని, మాట్లాడటం ఆపి మరీ చూస్తున్నాడు.

"పచ్చ" అన్నాడు సాయెబు. ఆ మాట అంత మెల్లగా ఆయన ఎప్పుడూ అనలేదు.

"మల్లా మొదలాయ!" అని ఎవరో అరిచారు. "పోయిన తూరి గూడా ఈయన పత్తే పచ్చ అంటివి గదా, అది తెలుపని తేలె గదా!" నన్ను పిలవాల్సిన పని లేకపోయింది. నేను అక్కడే, మా నాయన బస్తాలు మడతపెడుతూ ఉన్నాను. మా నాయన నావైపు తిరిగాడు.

"ఏమిరా, ఆ అద్దాలు నువ్వేసినవే గదా. నువ్వు సెప్పు. మంచివేనా?"

సాయెబు అద్దాలు తీసి నా చేతికిచ్చాడు, నా ముఖం వైపు మాత్రం చూడలేదు. నాకు తెలుసు, అద్దంలో ఏదో తేడా ఉందని నేనొక మాట గొణిగితే చాలు, మా నాయన పత్తి తెలుపవుతుంది, సాయెబు ఇంటికాడ కూర్చుంటాడు. మా నాయన ఆ మాట కోసమే అడిగాడని కూడా తెలుసు. ఆయన జీవితంలో నన్ను అడిగిన సాయం అదొక్కటే. పత్తి వైపు చూశాను. నా కంటికి ఏ పొరా లేదు. వాననీళ్ళు తాగిన పత్తి తేనెరంగులో, ఎవరూ దాచలేనంత స్పష్టంగా ఉంది.

"అద్దాల్లో ఏం లేదు నాయనా" అన్నాను. అద్దాలు సాయెబు వైపు చాచాను. "పచ్చ పత్తిలోనే ఉండాది."

సావుకారి ఫోన్లో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. సాయెబు అద్దాలు తీసుకుని నుదుటి మీద పెట్టుకుని పక్క కుప్పకు పోయాడు. ధన్యవాదాలు చెప్పలేదు, భుజం తట్టలేదు. ఆ పక్క కుప్పవాడు మాత్రం ఏమీ అనలేదు. ఆ తర్వాత యార్డులో ఎవరూ అద్దాల ఊసెత్తలేదు. కన్నకొడుకే తండ్రి పత్తిని పచ్చ అన్నాక ఇక సాక్ష్యం ఎందుకు? మా నాయన బస్సెక్కేటప్పుడు, "నిన్ను సదివిస్తి గదరా" అన్నాడు. దానికి ముందూ వెనకా ఏమీ లేదు. బస్సు కదిలింది.

సైటు మామకు విషయం చేరింది. ఆయన తిట్టలేదు, అందుకే భయమేసింది. "అల్లుడూ, నీకు నిజం సెప్పే జబ్బుండాది. అది బేరానికి పనికిరాదు, బడికి పనికొస్తాది" అని ఎమ్మిగనూరులో తెలిసినవాళ్ళ జూనియర్ కాలేజీలో చేర్పించాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఏటా కాంతి పాఠం వచ్చినప్పుడు అలలు గీస్తాను, పిల్లలు రాసుకుంటారు. రోజుకెన్నో నిజాలు చెబుతాను. ఒక్కటీ ఎవరి కుప్ప ధరనూ తగ్గించదు, ఎవరి పనినీ నిలబెట్టదు. పింజ సాయెబు ఇంకో రెండేళ్ళు చేసి, మోకాళ్ళు నొప్పులని తనంతట తనే మానుకున్నాడు. కళ్ళు బాగలేక కాదు.

మా నాయన నాతో మళ్ళీ మాట్లాడింది ఉగాదికి. అంతవరకూ "వాణ్ణి తినమను", "వాణ్ణి జరగమను" అని మా అమ్మ ద్వారానే నడిచింది. ఆరోజు బొబ్బట్టు తుంచుకుంటూ, గోడకు చెబుతున్నట్టు, "అయినా మరీ అంత పచ్చగా ఏం లేదులేరా అది" అన్నాడు.

"లేదు నాయనా" అన్నాను.

ఉన్న కాస్త ధైర్యాన్ని యార్డులో ఒక్క మధ్యాహ్నమే ఖర్చుపెట్టేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఉగాదినాడు వాడు ఆ చిన్న అబద్ధం చెప్పేటప్పుడు మా నాయన ముఖం ఎంత తేటపడిందో గుర్తొచ్చి, ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.